ఆకాశయానము – నేలమీది లెక్క

2023వ సంవత్సరము ఆగస్టు 23వ తేదీ సాయంకాలము ఆరుగంటల నాలుగు నిమిషములకు చంద్రయాన్–3 యొక్క విక్రమ్ అను నౌక చంద్రుని దక్షిణధ్రువప్రాంతమున మెల్లగా దిగెను. అంతకుముందు ఏ దేశమువారి నౌకయు ఆ ప్రాంతమున నట్లు క్షేమముగా దిగియుండలేదు. దేశమందలి పాఠశాలలలో బాలబాలికలు ఆ దృశ్యమును జూచి కరతాళధ్వనులు చేసిరి. అయినను, పిల్లలను బడికి పంపు తల్లిదండ్రులలో కొందఱు అప్పుడును ఇప్పుడును ఒక ప్రశ్న వేయుచుందురు: “అయ్యా, వానకు మా ఊరి బడికప్పు కురియుచున్నది. పత్తికి ధర లేదు. చంద్రునిపై దిగినందున మాకు వచ్చినదేమి?”

ఈ ప్రశ్న అజ్ఞానమువలన బుట్టినది కాదు. ఇంటిలెక్క చూచుకొను ప్రతివాడును అడుగదగినదే. కావున ఈ వ్యాసమున మేము ఆకాశయానచరిత్రలోని కొన్ని ముఖ్యమైన మజిలీలను వివరించుచు, ఒక్కొక్క మజిలీయొద్ద రెండు సంగతులు విచారింపదలచితిమి. దానికై ఎవరు ఏమి యిచ్చిరి? దానివలన నేలమీదివారికి ఏమి కలిగెను?

గాలిబుడ్డనుండి విమానమువరకు

మనుష్యుడు మొదట ఎగిరినది ఱెక్కలతో గాదు, వేడిగాలితో. వేడెక్కిన గాలి చల్లని గాలికంటె తేలిక యగుటచే పైకిపోవును. పొయ్యిమీది పొగ పైకెగయుట మనము దినదినమును చూచునదే. ఫ్రాన్సుదేశమున కాగితములు తయారుచేయు మోంగోల్ఫియే సోదరులు ఈ ధర్మమునుబట్టి పెద్ద సంచిని గుట్టి, దాని క్రింద మంటపెట్టి, 1783లో ఆకాశమునకు బంపిరి. ఆ సెప్టెంబరు 19వ తేదీని వెర్సేల్సు నగరమున దానియందు మొదట ప్రయాణము చేసినవారు ఒక గొఱ్ఱె, ఒక బాతు, ఒక కోడిపుంజు! అవి ప్రాణములతో దిగినందున, నవంబరు 21న ఇరువురు మనుష్యులు పారిసు నగరముపై సుమారు ఇరువదియైదు నిమిషములు తేలియాడిరి. కాని బుడగ గాలి యెటు వీచిన అటే పోవును. కోరినచోటికి పోవలెనన్న ఱెక్కలును, వానిని అదుపులో నుంచు ఉపాయమును కావలసియుండెను.

ఆ ఉపాయమును వెదకుచు జర్మనీదేశీయుడగు ఆటో లిలియెంతాల్ కొండలమీదినుండి ఱెక్కలు కట్టుకొని రెండువేలసారులు ఎగిరెను. 1896వ సంవత్సరము ఆగస్టులో అట్లు ఎగురుచు క్రిందబడి మరణించెను. అతడు పోయినను, అతడు వ్రాసియుంచిన లెక్కలు పోలేదు. అమెరికాలో డేటన్ పట్టణమున సైకిళ్ల దుకాణము నడుపుకొనుచున్న విల్బరు రైటు, ఆర్విల్ రైటు అను సోదరులు వానిని చదివిరి. వీరి తండ్రి మిల్టన్ రైటుగారు ఒక క్రైస్తవసంఘమునకు బిషప్పు. చెల్లెలు కాథరిన్ ఉన్నతపాఠశాలలో ఉపాధ్యాయురాలు. సోదరులిరువురును కళాశాలపట్టము లేనివారు. కాని పూర్వులు వ్రాసిన వాయుపీడన లెక్కలు తమ ప్రయోగములతో సరిపడకపోగా, వారు గ్రంథమును నమ్మి కన్నులు మూసికొనక, 1901లో ఒక చెక్కపెట్టెలో గాలిని ప్రవహింపజేసి, సుమారు రెండువందల తీరుల చిన్న ఱెక్కలను దానియందుంచి పరీక్షించిరి.

ఱెక్క విమానమును ఎట్లు మోయును? ఱెక్క గాలిలో ముందునకు దూసికొనిపోవునపుడు, దాని వంపుచేతను వాలుచేతను గాలిని క్రిందికి త్రోయును. గాలి ప్రతిగా ఱెక్కను పైకి త్రోయును. పైభాగమున పీడనము తగ్గి, క్రిందిభాగమున హెచ్చియుండును. గాలిపటము దారమునకు వాలుగా నిలిచి పైకెక్కుటయు ఇట్టిదే. 1903వ సంవత్సరము డిసెంబరు 17వ తేదీని కిట్టీహాకు సమీపమున ఇసుకదిబ్బలపై ఆర్విల్ ఎగిరినది పండ్రెండు సెకండ్లు, నూటయిరువది అడుగులు మాత్రమే. ఆ దినముననే నాల్గవసారి విల్బరు 59 సెకండ్లలో 852 అడుగులు పోయెను. ఏడేండ్లకు, 1910లో, ఎనుబదియొక్క యేండ్ల వృద్ధుడైన ఆ బిషప్పుగారిని కుమారుడు తన ప్రక్కను కూర్చుండబెట్టుకొని ఆకాశమునకు గొనిపోయెను.

మన దేశమున విమానము మొదట మోసిన బరువు ఏమి?

ఈ సంగతి మన విద్యార్థులు తప్పక ఎఱుగవలసినది. 1911వ సంవత్సరము ఫిబ్రవరి 18వ తేదీని అలహాబాదులో హెన్రీ పెకే అను ఫ్రెంచి యువకుడు విమానములో సుమారు 6,500 ఉత్తరములను మోసికొని, యమునానదిని దాటి, నైనీయొద్ద దిగెను. దూరము ఆరు మైళ్లు మాత్రమే. పట్టిన కాలము పదుమూడు నిమిషములు. ప్రభుత్వమువారి అనుమతితో లోకమున విమానము తపాలా మోయుట అదియే మొదలు. ఆ ఉత్తరములపై వసూలుచేసిన ప్రత్యేకరుసుము దేనికి వినియోగింపబడెను? అచటి హోలీ ట్రినిటీ చర్చి పాదిరిగారగు హాలండుగారు భారతీయవిద్యార్థులకొఱకు నడుపుచున్న వసతిగృహమునకే. అనగా, మన దేశపు తపాలావిమానము తొలిదినముననే విద్యార్థుల వసతికి సొమ్ము తెచ్చెనన్నమాట.

తరువాత 1932వ సంవత్సరము అక్టోబరు 15న జె. ఆర్. డి. టాటాగారు కరాచీనుండి బొంబాయికి తామే విమానము నడుపుకొని తపాలా తెచ్చిరి. హైదరాబాదు సంస్థానమున నిజాముప్రభుత్వమును టాటాసంస్థయు కలిసి 1945లో డెక్కన్ ఎయిర్‌వేస్ అను సంఘమును స్థాపించెను. బేగంపేట మైదానమునుండి డకోటా విమానములు నడుపబడెను. 1953లో దేశమందలి విమానసంఘములనెల్ల ప్రభుత్వము స్వీకరించినపుడు ఇదియు ఇండియన్ ఎయిర్‌లైన్సులో కలిసిపోయెను. మన సీమలో ఆదిలాబాదునొద్ద నిజాముకాలపు విమానమైదానము గలదు. రామగుండము చేరువనున్న బసంతనగరమునకు ఒకప్పుడు వాయుదూత్ వారి చిన్న విమానములు వచ్చిపోయెడివి. కావున విమానము మనకు కథలలోని పుష్పకము గాదు. మన పెద్దలలో పలువురు చేనిపనిలో తలయెత్తి చూచినదే.

తారాజువ్వ ధర్మము

విమానమునకు గాలి కావలెను. గాలి లేనిచోట ఱెక్క పనిచేయదు. ఆ యెత్తునకు పోవలెనన్న రాకెట్టు కావలెను. దీపావళినాటి తారాజువ్వయే దానికి మాదిరి. మందు కాలి, వాయువు వెనుకకు వేగముగా వెలువడగా, జువ్వ ముందునకు త్రోయబడును. ప్రతి చర్యకును సమానమైన ప్రతిచర్య యుండునని న్యూటనుగారు చెప్పిన సూత్రము ఇదియే. మంటకు కావలసిన ప్రాణవాయువును రాకెట్టు తనతోడనే మోసికొనిపోవును. అందుచే శూన్యముననైనను నడువగలదు.

ఒక వస్తువు భూమిచుట్టు తిరుగుచుండవలెనన్న అది గంటకు సుమారు 28,000 కిలోమీటర్ల వేగమును పొందవలెను. అంతకు తక్కువైన, విసరిన రాయివలె తిరిగి నేలబడును. ఇంత వేగమును ఒక్క రాకెట్టు తెచ్చుట కష్టము. అందుచే కొన్ని రాకెట్టులను ఒకదానిపై నొకటి నిలిపి, మందు అయిపోయిన అంచెను వదలివేయుచు పోవుదురు. దూరప్రయాణమున కాలిన కట్టెబొగ్గును బండిలో మోయనట్టే, వట్టిపోయిన అంచెను మోయుట వ్యర్థము.

ఈ విధముగా రష్యావారు 1957 అక్టోబరు 4న స్పుత్నిక్ అను మొదటి ఉపగ్రహమును పంపిరి. 1961 ఏప్రిలు 12న యూరీ గగారిన్ 108 నిమిషములలో భూమిని ఒకసారి చుట్టివచ్చెను. 1969 జూలైలో అమెరికావారగు ఆర్మ్‌స్ట్రాంగు, ఆల్డ్రిన్ చంద్రునిపై నడిచిరి. 1984 ఏప్రిలు 3న రష్యావారి నౌకలో భారతీయులలో మొదటివాడుగా అంతరిక్షమునకు బోయిన రాకేశ్ శర్మగారు హైదరాబాదులో చదివి పెరిగినవారు.

చర్చి యిచ్చిన స్థలము, యానాదులు విడిచిన ద్వీపము

మన దేశమున రాకెట్టులు మొదట ఎగిరినది కేరళసీమలోని తుంబాయను చేపలవారి పల్లెనుండి. భూమి అయస్కాంతమధ్యరేఖ ఆ పల్లెమీదుగా పోవుటచే, ఎత్తైన ఆకాశమును పరిశోధించుటకు అది తగిన స్థలమని విక్రమ్ సారాభాయిగారు నిశ్చయించిరి. కాని అచట మగ్దలేనా మరియమ్మ పేరిటి చర్చియు, బిషప్పుగారి యిల్లును, చేపలవారి గుడిసెలును ఉండెను. బిషప్పు పీటర్ బెర్నార్డ్ పెరీరాగారు ఆ సంగతిని సంఘమునకు విన్నవించగా, సంఘము సమ్మతించెను. చర్చి ప్రయోగశాలయయ్యెను. 1963 నవంబరు 21న అచటినుండి మొదటి రాకెట్టు లేచెను. ఆ చర్చి తరువాత వస్తుప్రదర్శనశాలగా మార్చబడి కాపాడబడినది.

ఉపగ్రహమును మోయు పెద్ద రాకెట్టులకు తూర్పుతీరము కావలసియుండెను. కారణము రెండు. భూమి పడమరనుండి తూర్పునకు తిరుగుచున్నది. మన తీరముననున్న వస్తువు ఆ భ్రమణమువలన గంటకు సుమారు 1,600 కిలోమీటర్ల వేగముతో తూర్పునకు పోవుచునేయున్నది. తూర్పుగా వదలిన రాకెట్టునకు ఈ వేగము ఊరకయే లభించును. రెండవది, విడివడిన అంచెలు జనులున్న ఊళ్లమీద గాక సముద్రమున బడవలెను. ఈ రెండును కుదిరినచోటు నెల్లూరుసీమలో పులికాటు సరస్సునకును బంగాళాఖాతమునకును నడుమనున్న శ్రీహరికోట. 1969లో దానిని ఎన్నుకొనిరి. 1971 అక్టోబరు 9న అచటినుండి రోహిణి అను చిన్న రాకెట్టు ఎగిరెను. ఆ ద్వీపమున అడవిదుంపలు త్రవ్వుకొని, చేపలు పట్టుకొని తరతరములుగా బ్రదుకుచుండిన యానాదులు తమ పల్లెలను విడువవలసివచ్చెను. రాకెట్టు లేచిన ప్రతిసారియు శాస్త్రజ్ఞుల పేరులు పత్రికలలో వచ్చును. ఈ యానాదుల పేరు వచ్చుట అరుదు. మా లెక్కలో మాత్రము వారును దాతలే.

ఒక పతనము, దాని కారణము

1979వ సంవత్సరము ఆగస్టు 10వ తేదీని ఎస్. ఎల్. వి.–3 అను నాలుగంచెల రాకెట్టు శ్రీహరికోటనుండి లేచెను. దాని యెత్తు 22 మీటర్లు, బరువు 17 టన్నులు. పని నడిపినవారు ఎ. పి. జె. అబ్దుల్ కలాముగారు. మొదటి అంచె చక్కగా కాలెను. రెండవ అంచెను అదుపుచేయు యంత్రభాగమునందొక కవాటము సరిగా మూసికొనక, దానినుండి ఆమ్లము కారిపోయెను. దారి తప్పిన రాకెట్టు అయిదు నిమిషములకు సముద్రమున గూలెను. ఏండ్ల శ్రమ నీటిపాలయ్యెను.

ఆ దినమున పత్రికలవారియెదుట నిలిచి బాధ్యత వహించినవారు సంస్థాధ్యక్షులగు సతీశ్ ధావనుగారు. మఱుసటి యేడు, 1980 జూలై 18న, అదే తీరు రాకెట్టు 35 కిలోగ్రాముల రోహిణి ఉపగ్రహమును కక్ష్యలో నిలిపినపుడు, ధావనుగారు తాము వెనుక నిలిచి, పత్రికలవారితో మాటలాడుటకు కలాముగారిని పంపిరి. ఈ సంగతిని కలాముగారే పిమ్మట పలుమారులు చెప్పిరి. 2002లో శ్రీహరికోట కేంద్రమునకు ధావనుగారి పేరు పెట్టబడినది. ఉపాధ్యాయులకును, ఇంటిపెద్దలకును ఇందొక పాఠము గలదు. ఓడినదినమున పిల్లవానిముందు మనము నిలువవలెను. గెలిచినదినమున వానిని ముందునకు బంపవలెను.

పతనమునకును విజయమునకును నడుమ గడిచినది పదునొకండు మాసములు. ఆ మాసములలో వారు చేసినది కారణమును వెదకుట. ఎవరిది తప్పని గాక, ఏది తప్పెనని వెదకిరి. ఇట్టిదే 2019 సెప్టెంబరులో మఱల జరిగెను. చంద్రయాన్–2 నౌక దిగు తుదిఘట్టమున అదుపుతప్పి చంద్రునిపై గూలెను. చంద్రయాన్–3 నిర్మించినవారు ఏ యే భాగము చెడవచ్చునో ముందుగా నూహించి, నౌక కాళ్లను బలపఱచిరి, ఇంధనమును హెచ్చించిరి, దిగుచోటును అయిదువందల మీటర్ల చదరమునుండి నాలుగు కిలోమీటర్ల పొడవు, 2.4 కిలోమీటర్ల వెడల్పునకు పెంచిరి. మొదట వ్రాసిన ఆగస్టు సాయంకాలము ఆ విధముగా సిద్ధమైనది.

నేలమీద దక్కిన ఫలము

ఇక మొదటి ప్రశ్నకు వత్తము. 1977వ సంవత్సరము నవంబరు 19న కృష్ణాజిల్లా దివిసీమను తుపాను తాకెను. సముద్రము తాటిచెట్లంత యెత్తున లేచి పల్లెలపై బడెనని బ్రదికినవారు చెప్పుకొనిరి. సుమారు పదివేలమంది చనిపోయిరి. అంతకు మించియే పోయిరని చెప్పువారును గలరు. ఎక్కడ తాకునో, ఎంత బలముతో తాకునో, ఆ పల్లెలకు సమయమునకు తగిన హెచ్చరిక అందలేదు.

1983 ఆగస్టులో ఇన్సాట్–1బి ఉపగ్రహము ఆకాశమున నిలిచెను. అది భూమితో సమానముగా తిరుగుచు, ఎల్లప్పుడును మన దేశముపైనే కన్నువేసియుండునట్టిది. మేఘముల చిత్రములను తీయుటయే గాక, తీరమందలి ఊళ్లకు తుపాను హెచ్చరికలను నేరుగా చేరవేయు ఏర్పాటును దానితో గలిగెను. 1990వ సంవత్సరము మే మాసమున మఱియొక ఘోరమైన తుపాను కోస్తాను తాకెను. లక్షకు మించిన జనులను ముందుగానే మెరకలకు తరలించిరి. అయినను దాదాపు వేయిమంది పోయిరి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమునే తాకెను. నగరము చెట్లులేని బయలుగా మాఱెను గాని, ఆంధ్రప్రదేశమున మృతుల సంఖ్య వేలలో గాని వందలలో గాని లేదు, పదులలో నుండెను. ఒక్క ప్రాణము పోయినను దుఃఖమే. అయినను పదివేలకును పదులకును గల భేదము సామాన్యమా? ఇది ఉపగ్రహమువలననే జరిగినదని మేమనము. రోడ్లు, తుపాను ఆశ్రయములు, టెలిఫోనులు, రాత్రింబవళ్లు తిరిగిన ఉద్యోగులు – అందఱికిని భాగము గలదు. కాని ముందుగా చూచు కన్ను లేనియెడల, ఎవరిని ఎక్కడికి తరలింపవలెనో తెలియదు.

“అది కోస్తావారి సంగతి. మనకేమి?” అందురేమో. 2022 జూలైలో గోదావరికి వచ్చిన వఱదను మన సీమవారు మఱువలేరు. కడెం జలాశయమునకు గేటుల శక్తికి మించిన నీరు వచ్చి, దిగువ పల్లెలను ఖాళీచేయవలసివచ్చెను. భద్రాచలమువద్ద నీటిమట్టము 71 అడుగులు దాటెను. అట్టి దినములలో ఆకాశమునిండ మబ్బులే. మామూలు కెమేరాకు నేల కనబడదు. రాడారు కిరణములతో చూచు ఉపగ్రహములు మబ్బులను చొచ్చి, రాత్రివేళనైనను, నీరు నిలిచిన మేరను పటమునకెక్కించును. అట్టి పటములు గీయుచుండునది మన హైదరాబాదు బాలానగరులోని జాతీయ దూరసంవేదన కేంద్రమే. చెఱువుల నీరు, అడవుల విస్తీర్ణము, పంటలసాగు మొదలగువానిని ఆకాశమునుండి కొలుచు పని ఆ సంస్థ స్థాపింపబడినది మొదలు మన రాజధానిలో జరుగుచున్నది. 2022 నవంబరు 18న హైదరాబాదునందలి స్కైరూట్ అను సంస్థవారు చేసిన విక్రమ్–ఎస్ అను చిన్న రాకెట్టు శ్రీహరికోటనుండి 89 కిలోమీటర్ల పైచిలుకు ఎత్తునకు ఎగిరెను. మన దేశమున ప్రభుత్వేతరసంస్థ చేసిన రాకెట్టు ఎగురుట అదియే మొదటిసారి.

తుదిలెక్క

చంద్రయాన్–3కు అయిన వ్యయము సుమారు 615 కోట్ల రూపాయలని చెప్పబడినది. విద్యార్థులారా, పలకమీద లెక్కవేయుడు. దేశజనసంఖ్య 140 కోట్లనుకొన్నయెడల తలకు నాలుగు రూపాయల నలుబది పైసలు. ఒక కప్పు చాయధరకు చాలదు. కాని అంత మాత్రముచేత ప్రశ్నించినవారి నోరు మూయింపరాదు. 615 కోట్లతో కురియు బడికప్పులు ఎన్నియో బాగుచేయవచ్చుననుటయు నిజమే. ఒక కుటుంబమున విత్తనములకు పెట్టిన సొమ్మును చూచి, “ఇది నేటి అన్నమున కుపయోగింపరాదా?” అని అడుగు పసివాని యాకలి అబద్ధము గాదు. విత్తనము కొనిన తండ్రి వివేకమును అబద్ధము గాదు. రెండును ఒకే యింటిలో నుండవలెను. విత్తనము పేరుజెప్పి పిల్లవానిని పస్తులుంచరాదు. పిల్లవాని పేరుజెప్పి విత్తనమును తినివేయరాదు.

కావున తల్లిదండ్రులకు మా మనవి: ఆ ప్రశ్నను మానకుడు. రాకెట్టుకును అడుగుడు, బడికప్పునకును అడుగుడు. తమ పల్లెలను విడిచిన యానాదులకు ఏమి దక్కెననియు అడుగుడు. లెక్క అడుగువారు గల దేశముననే విద్య నిజాయితీగా పెరుగును.

విద్యార్థులకు మా మాట వేఱు. సైకిళ్లు బాగుచేసినవారు విమానము చేసిరి. రామేశ్వరమున పడవవాని యింట బుట్టిన కలాముగారు రాకెట్టు నడిపిరి. అచ్చులోని లెక్కను మఱల వేసిచూచుట, పడినచోట కారణమును వెదకుట, ఓడినవానిని ఒంటరిగా విడువకుండుట – ఈ మూడింటికిని ఖరీదైన పరికరములు అక్కఱలేదు. ఇవి మన తరగతిగదిలోనే అభ్యసింపవచ్చును. దేవుడు మనకు ఆకాశమును చూచుటకు కన్నులిచ్చెను, నేలమీద నడచుటకు కాళ్లిచ్చెను. రెండింటిని వాడుకొనువాడే పూర్ణముగా చదువుకొన్నవాడు.